పాత కారుకి పికప్ పోయిందా? ఇంజిన్ దింపే ముందు ఈ చిన్న డాంగిల్ పెట్టి చూడండి

ఫోన్ స్లో అయిందని ఎవరూ వెంటనే మదర్‌బోర్డు మార్చరు. ముందు స్టోరేజ్ ఎంత ఉందో చూస్తాం, బ్యాటరీ హెల్త్ చూస్తాం, ఏ యాప్ ర్యామ్ తినేస్తోందో చూస్తాం. అదే కారు దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతంతా మర్చిపోతాం. "బండి లాగట్లేదు" అనగానే ఒకరు ప్లగ్గులు మార్చమంటారు, ఇంకొకరు సెన్సర్ పోయిందంటారు, మరొకరు ఏకంగా ఇంజిన్ దింపాలంటారు. ఎవరి దగ్గరా డేటా ఉండదు.

నిజానికి ఆ డేటా కారులోనే ఉంది. దాన్ని మన ఫోన్‌లోకి తెచ్చే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. నేను ఒకటి కొని నెల రోజులపాటు మా బాబాయ్ పాత కారు మీద వాడాను. అది ఎంత ఉపయోగపడింది, ఎక్కడ ఆగిపోయింది, చివరికి అసలు సమస్య ఎలా దొరికింది అన్నదే ఈ స్టోరీ. ముందే ఒక మాట చెప్పేస్తాను: డాంగిల్ చూపించిన ఎర్రర్ కోడ్ ఒక్కటే నమ్ముకుని ఉంటే తప్పు పార్ట్ మార్చేవాళ్లం.

కారు పరిస్థితి ఏంటంటే

2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్. 80 వేల కిలోమీటర్లు దాటింది. సర్వీసింగ్ అంటే ఆయిల్ మార్చడం, కడిగించడం అంతే. ప్లగ్గులు ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేదు. ఊళ్లో షెడ్డు కింద ఏడాదికి పైగా నిలబడిపోయింది కూడా.

సమస్య ఏంటంటే, స్టార్ట్ బాగానే అవుతుంది. కానీ నిలబడి ఉన్నప్పుడు వణుకుతుంది. 60 దాటాక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా స్పీడ్ పెరగదు. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేర్‌లోకి రావాల్సిందే. హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేయబోయి మధ్యలో ఆగిపోయినట్టయితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పిన్నిని ఫిజియోథెరపీ కోసం వారానికి రెండుసార్లు హైదరాబాద్ తీసుకురావాలి, ఇంట్లో ఉన్నది ఇదొక్కటే కారు.

ఒక గ్యారేజీలో బోనెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ ఇచ్చి చూసి, "ఇంజిన్ పని చేయించాలి అన్నా, 60 వేల దాకా అవుద్ది" అన్నారట. బాబాయ్ అప్పటికే అమ్మేద్దామని ఫిక్స్ అయిపోయాడు. "ఒరేయ్, స్క్రాప్ వాడు ఎంతిస్తే అంతకి ఇచ్చేద్దాం" అని ఫోన్ చేశాడు. "ఒక్క వారం ఆగు బాబాయ్, చూసి చెప్తా" అన్నాను.

డాంగిల్ ఏది కొనాలి?

ఓబీడీ2 పోర్టు అంటే 16 పిన్నుల సాకెట్. చాలా కార్లలో స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఇది తప్పనిసరి. మన దగ్గర బీఎస్4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ2 నిబంధన వచ్చింది. అంతకంటే పాత కారైతే పోర్టు ఉన్నా అన్ని వివరాలూ రాకపోవచ్చు.

మార్కెట్లో దొరికే చవక డాంగిల్స్ దాదాపు అన్నిటి మీదా ఈఎల్ఎం327 అని రాసి ఉంటుంది. ఇది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ డిజైన్ చేసిన చిప్ పేరు. ఆ కంపెనీ 2022లో మూతపడింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా క్లోన్‌లే. ఒక సరదా విషయం: చాలామంది "వెర్షన్ 1.5 అయితే ఒరిజినల్" అంటుంటారు, కానీ ఆ కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ రిలీజ్ చేయలేదు. క్లోన్ అయినంత మాత్రాన పనికిరాదని కాదు, కొన్ని బాగానే పనిచేస్తాయి. రిటర్న్ ఆప్షన్ ఉన్న చోట కొని, మీ కారుతో కనెక్ట్ అవుతుందో లేదో మొదటి రోజే చూసుకోండి.

ఐఫోన్ వాడేవాళ్లు జాగ్రత్త. పాత తరహా క్లాసిక్ బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌తో పనిచేయదు. బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై మోడల్ తీసుకోవాలి. ఆండ్రాయిడ్ అయితే ఏదైనా ఓకే. యాప్‌ల విషయానికొస్తే టార్క్ ఆండ్రాయిడ్‌కి మాత్రమే ఉంది, కార్ స్కానర్ రెండిటికీ దొరుకుతుంది. నేను రెండోది వాడాను.

ఇంకో ముఖ్యమైన విషయం. పోర్టులో 16వ పిన్ నేరుగా బ్యాటరీకి కలిసి ఉంటుంది. తాళం తీసేసినా డాంగిల్‌కి కరెంట్ వెళ్తూనే ఉంటుంది. పని అయ్యాక పీకేయండి, లేకపోతే బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది.

ఫోన్ తీయకముందే చూడాల్సినవి

నిలబెట్టేసిన కారుకి సాఫ్ట్‌వేర్ కంటే ముందు హార్డ్‌వేర్ చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే మాకు కనిపించింది ఎలుక గూడు. దూది, పాత గుడ్డ ముక్కలు, వేరుశనగ పొట్టు, అన్నీ ఉన్నాయి. ఫిల్టర్ మార్చాం, గొట్టాలు శుభ్రం చేశాం, వైర్లు ఎక్కడైనా కొరికిందేమో చూశాం. కొరకలేదు. ట్యాంకులో పాత పెట్రోల్ తీయించి కొత్తది పోయించాం.

తర్వాత బ్రేకులు. చాలా రోజులు కదలని కారుకి బ్రేక్ క్యాలిపర్ పట్టేసుకుంటుంది. బ్రేక్ నొక్కి పట్టుకుని బండి నడిపినట్టే ఉంటుంది, మనమేమో ఇంజిన్‌ని తిడుతుంటాం. దీనికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. పది కిలోమీటర్లు తిప్పి, ఆపిన వెంటనే ఎడమ, కుడి చక్రాల రిమ్‌ల దగ్గర వేడి చూడండి. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేస్తోందని అర్థం. మా కారులో అన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి.

మూడోది క్లచ్. దీన్ని డాంగిల్‌తోనే పట్టుకోవచ్చు. ఒకే గేర్‌లో ఇంజిన్ ఆర్‌పీఎం, బండి స్పీడ్ ఒకే నిష్పత్తిలో పెరగాలి. మూడో గేర్‌లో 40 దగ్గర 2,400 ఉంటే, 60 దగ్గర 3,600 ఉండాలి. బాగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగిరి, స్పీడ్ అక్కడే ఉంటే క్లచ్ ప్లేట్ జారుతోందన్నమాట. మా లెక్క సరిపోయింది. అంటే చక్రాలదీ క్లచ్‌దీ తప్పు లేదు. ఇంజిన్‌లోనే బలం రావట్లేదు.

కోడ్ చెప్పింది సగమే

డాంగిల్ పెట్టి స్కాన్ చేస్తే రెండు కోడ్‌లు వచ్చాయి. పీ0302, పీ0420. మొదటిది రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, మన మెకానిక్‌ల భాషలో "మిస్సింగ్". రెండోది క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కోడ్‌లో ఏ పార్ట్ పేరు ఉంటే ఆ పార్ట్ కొనేస్తారు. కోడ్ అనేది లక్షణం మాత్రమే. జ్వరం 102 ఉందని థర్మామీటర్ చెప్తుంది, అది డెంగ్యూనా మామూలు వైరలా చెప్పదు కదా. మిస్సింగ్‌కి ప్లగ్ కారణం కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, సిలిండర్‌లో కంప్రెషన్ లేకపోవచ్చు.

కాయిల్ పోయిందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ఒక్కో సిలిండర్‌కి విడి కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది తీసి రెండోదానికి పెట్టండి. కోడ్‌లు క్లియర్ చేసి కాసేపు నడపండి. మాకు ఈసారి పీ0303 వచ్చింది. అంటే మిస్సింగ్ కాయిల్‌తో పాటే కదిలింది. కాయిలే దొంగ. పీ0302 అలాగే ఉండి ఉంటే ప్లగ్ లేదా ఇంజెక్టర్ వైపు చూడాల్సి వచ్చేది.

ఆ కాయిల్, నాలుగు ప్లగ్గులు మార్చాం. వణుకు పూర్తిగా పోయింది. బాబాయ్ సంబరపడిపోయాడు. హైవే ఎక్కాక ఆ సంబరం కూడా పోయింది. ఇంతకుముందు 60 దగ్గర ఆగేది, ఇప్పుడు 75 దగ్గర ఆగుతోంది. మిస్సింగ్ కోడ్ మళ్లీ రాలేదు. బలం మాత్రం ఇంకా రాలేదు.

లైవ్ డేటాలో ఏం చూడాలి?

డాంగిల్ అసలు విలువ ఇక్కడుంది. యాప్‌లో వందల రీడింగ్‌లు కనిపిస్తాయి, అన్నీ ఒకేసారి పెట్టకండి. చవక డాంగిల్‌కి అంత వేగం ఉండదు, ఎన్ని ఎక్కువ పెడితే అంత ఆలస్యంగా అప్‌డేట్ అవుతాయి. నాలుగైదు చాలు. నడిపేవాళ్లు ఫోన్ వైపు చూడకుండా రికార్డింగ్ ఆన్ చేసి వదిలేయండి, లేదా పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. గ్రాఫ్ ఇంటికొచ్చి తీరిగ్గా చూడొచ్చు.

ఫ్యూయల్ ట్రిమ్: ఇంజిన్ కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ పెట్రోల్ ఇస్తోందో ఇది చెప్తుంది. ప్లస్ లేదా మైనస్ 10 లోపు ఉంటే పెద్దగా కంగారు అక్కర్లేదు. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలు స్థితికి వస్తే ఎక్కడో గొట్టం చిరిగి గాలి లోపలికి లీక్ అవుతోందని అనుమానించాలి. దానికి రివర్స్‌లో, ఐడిల్‌లో బాగుండి, లోడ్ పడే కొద్దీ ప్లస్ పెరుగుతూ పోతే పెట్రోల్ పంపు లేదా ఫ్యూయల్ ఫిల్టర్ వైపు చూడాలి. ఈ20 పెట్రోల్ వాడే పాత కార్లలో ట్రిమ్ కొన్ని శాతం ప్లస్ వైపు ఉండటం సహజం. ఒక కిలో పెట్రోల్ మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలే చాలు. అదే గాలికి ఇంధనం ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి కంప్యూటర్ ప్లస్ చూపిస్తుంది. అది లీక్ కాదు. మా కారులో ప్లస్ 5 దగ్గర నిలకడగా ఉంది.

మ్యానిఫోల్డ్ ప్రెషర్: ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో ఉండే ఒత్తిడి, కిలోపాస్కల్స్‌లో చూపిస్తుంది. ఇంజిన్ ఆఫ్‌లో తాళం మాత్రం ఆన్ చేస్తే బయటి గాలి ఒత్తిడే కనిపిస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గర వస్తుంది, విజయవాడలో 100 దగ్గర వస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ నంబర్ దాదాపు బయటి ఒత్తిడికి చేరిపోవాలి. చేరకపోతే ఫిల్టర్ వైపో థ్రాటిల్ వైపో గాలికి అడ్డం ఉంది. మాకు 93 వచ్చింది. లోపలికి వెళ్లే దారి క్లియర్.

ముందు ఆక్సిజన్ సెన్సర్: పూర్తిగా తొక్కినప్పుడు ఇది 0.8 వోల్ట్‌ల పైన నిలబడాలి. కాస్త ఎక్కువ పెట్రోల్ అందుతోందని దాని అర్థం. మాకు 0.86 వచ్చింది. అంటే పెట్రోల్‌కీ కొరత లేదు. కొన్ని కార్లలో వేరే రకం సెన్సర్ ఉంటుంది, వాటికి ఈ లెక్క వర్తించదు.

కూలెంట్ టెంపరేచర్: ఎంతసేపు నడిపినా 60 డిగ్రీలు దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందన్నమాట. మాకు 88 దగ్గర నిలబడింది.

మిగిలింది ఒక్కటే దారి

ఇప్పుడు డిటెక్టివ్ పని. గాలి వెళ్తోంది. పెట్రోల్ అందుతోంది. నిప్పు పడుతోంది. ఇక మిగిలినవి రెండు. సిలిండర్‌లో కంప్రెషన్ లేకపోవడం, లేదా కాలిన పొగ బయటికి పోలేకపోవడం.

మొదటిదాన్ని ఫోన్ చెప్పలేదు. కంప్రెషన్ గేజ్ కావాలి. తెలిసిన మెకానిక్ దగ్గర నాలుగు ప్లగ్గులూ తీయించి, పెట్రోల్ పంపు ఫ్యూజ్ పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి క్రాంక్ చేయించాం. నాలుగు సిలిండర్లూ 160 నుంచి 170 పీఎస్ఐ మధ్య వచ్చాయి. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే అనుమానించాలి. తక్కువ వచ్చిన దానిలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు. మాకు ఆ అవసరమే రాలేదు. 60 వేల ఇంజిన్ పని అక్కర్లేదని ఈ ఒక్క పరీక్షతో తేలిపోయింది. దీనికి పట్టింది గంట కూడా కాదు.

ఇక సైలెన్సర్ వైపు. బండి నిలబెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర స్థిరంగా పట్టుకుని మ్యానిఫోల్డ్ ప్రెషర్ గ్రాఫ్ చూశాను. మంచి ఇంజిన్‌లో ఆ గీత అడ్డంగా నిలబడాలి. మాది 36 దగ్గర మొదలై నిమిషంలో 50 దాటింది. యాక్సిలరేటర్ కదలకుండానే లోపల ఒత్తిడి పెరుగుతోంది. పొగ బయటికి పోక వెనక్కి తన్నుతుంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

పక్కాగా తేల్చుకోవడానికి ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించారు. మామూలుగా ఐడిల్‌లో 1.5 పీఎస్ఐ లోపు, 2,500 దగ్గర 3 లోపు ఉండాలి. మాకు 2,500 దగ్గర 6 దాటింది. క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయింది. ఇది వేడి సైలెన్సర్‌తో పని కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి, మెకానిక్‌తోనే చేయించండి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. పీ0420 వచ్చినంత మాత్రాన కన్వర్టర్ మూసుకుపోయిందని కాదు. పొగను శుభ్రం చేయట్లేదని మాత్రమే ఆ కోడ్ అర్థం. శుభ్రం చేయకపోయినా పొగ ఫ్రీగా పోయే కన్వర్టర్లు ఉంటాయి, వాటివల్ల పికప్ పోదు. అందుకే కోడ్ తర్వాత గేజ్ కూడా కావాల్సి వచ్చింది.

అసలు దాన్ని చంపింది ఎవరు?

నేరుగా కన్వర్టర్ మార్చేసి ఉంటే ఏమయ్యేది? కొన్ని రోజులు బండి దూసుకెళ్లేది. తర్వాత కొత్త కన్వర్టర్ కూడా పోయేది.

ఎందుకంటే కన్వర్టర్ తనంతట తాను పోలేదు. కాయిల్ పాడై రెండో సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా అలాగే సైలెన్సర్‌లోకి వెళ్లేది. అది వెళ్లి వేడిగా ఉన్న కన్వర్టర్‌లో మండేది. లోపల తేనెపట్టులా ఉండే సిరామిక్ ఆ వేడికి కరిగి మూసుకుపోయింది. చిన్న కాయిల్ పోయినందుకు దానికి ఎన్నో రెట్లు ఖరీదైన పార్ట్ పోయింది.

కారు ఈ విషయం ముందే చెప్పింది కూడా. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఉండటం వేరు, టపటపా మెరుస్తుండటం వేరు. మెరుస్తుంటే మిస్సింగ్ కన్వర్టర్‌ని పాడుచేసే స్థాయిలో ఉందని అర్థం. వెంటనే స్పీడ్ తగ్గించి, వీలైనంత త్వరగా ఆపేయాలి. బాబాయ్‌ని అడిగితే, "అవున్రా, చాలా నెలలు మెరిసింది, కళ్లలో పడుతోందని టేప్ అంటించా" అన్నాడు. నిజంగానే మీటర్ మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క ఉంది.

కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు పెట్టేస్తామని కొన్ని చోట్ల ఆఫర్ ఇస్తారు. ఒప్పుకోకండి. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం, పైగా ఆ పొగ పీల్చేది మనమే. మేం కొత్తదే వేయించాం. కాయిల్, ప్లగ్గులు, కన్వర్టర్, లేబర్ అన్నీ కలిపి 26 వేల దగ్గర తేలింది. ఇప్పుడు అదే ఫ్లైఓవర్ ఏసీతో మూడో గేర్‌లో ఎక్కుతోంది. 2,500 దగ్గర ప్రెషర్ గీత అడ్డంగా నిలబడింది.

ప్లస్‌లు

- వెయ్యి లోపు ఖర్చుతో కోడ్‌లు, లైవ్ డేటా, రికార్డింగ్ అన్నీ దొరుకుతాయి.
- గాలి, పెట్రోల్, నిప్పు, వీటిలో దేంట్లో తేడా ఉందో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు.
- గ్రాఫ్ చూపించి మాట్లాడితే గ్యారేజీలో సంభాషణ మారిపోతుంది.

మైనస్‌లు

- కంప్రెషన్, సైలెన్సర్ ఒత్తిడి, బ్రేక్ పట్టేయడం లాంటివి దీనికి తెలియవు.
- క్లోన్‌ల క్వాలిటీ ఒకేలా ఉండదు, కొన్ని మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంటాయి.
- ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలా చవక సెట్‌లలో రావు.
- కోడ్ క్లియర్ చేసే బటన్ చేతిలో ఉండటం కూడా ప్రమాదమే. క్లియర్ చేస్తే లైట్ పోతుంది, జబ్బు పోదు. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మా తీర్పు

ఇంట్లో ఐదేళ్లు దాటిన కారు ఉంటే ఈ డాంగిల్ కొనండి. కొన్నాక కారు పాడయ్యేదాకా డబ్బాలో దాచకండి. బండి బాగున్న రోజే ఒక అరగంట రికార్డ్ చేసి పెట్టుకోండి. ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఎంత, ట్రిమ్ ఎంత, మూడో గేర్‌లో 40 దగ్గర ఆర్‌పీఎం ఎంత, 2,500 దగ్గర గీత ఎలా ఉంది, ఇవి నోట్ చేసుకోండి. రేపు ఎప్పుడైనా పికప్ తగ్గినట్టు అనిపిస్తే పోల్చుకోవడానికి మీ కారుదే రీడింగ్ మీ దగ్గర ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే సగటు నంబర్ల కంటే అది చాలా మేలు. అలాగే మీటర్‌లో ఆ పసుపు లైట్ మెరవడం మొదలైతే, టేప్ కోసం వెతక్కుండా బండి పక్కకి ఆపి ఫోన్ తీయండి.